పీపాల్లో ఉన్న నాన్న వైన్ సంగతి మీరు రాయలేదు

ప్రశ్న: మాది తాతల నాటి ద్రాక్షతోట. తాతయ్య నాటారు, నాన్న తోట పక్కనే సెల్లార్ కట్టి వైన్ చేయడం మొదలుపెట్టారు. నేను వైన్ తయారీ చదువుకుని ఆరేళ్లు వేరేవాళ్ల సెల్లార్లలో పనిచేశాను. కిందటి కోత అయిన రెండు నెలలకు నాన్న గుండెపోటుతో పోయారు. ఇప్పుడు తోటా సెల్లారూ రెండూ నా మీద పడ్డాయి. నాన్న దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన మేస్త్రీ నేనేం చెప్పినా “సరేనమ్మా” అంటాడు, తర్వాత తనకు తోచిందే చేస్తాడు. కొనడానికి వచ్చేవాళ్లు “ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?” అని అడుగుతున్నారు. దూరంగా ఉద్యోగం చేసుకుంటున్న అన్నయ్య పాత తీగలు పీకేసి కొత్తవి వేద్దామంటాడు, లేదా అంతా అమ్మేద్దామంటాడు. అమ్మేమో “నాన్న చేసినట్టే చెయ్యి, ఏమీ మార్చకు” అంటుంది. మేనత్త వచ్చినప్పుడల్లా, నెలసరి రోజుల్లో సెల్లార్‌లోకి వెళ్తే వైన్ పాడైపోతుందని గుర్తుచేస్తుంది. కోతకు ఇంకా పది వారాలే ఉంది. నాన్నలా చేయకపోతే ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది. అచ్చం ఆయనలాగే చేస్తే మరి నేనెందుకు అనిపిస్తుంది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో మేస్త్రీ మాట ఉంది, అన్నయ్య మాట ఉంది, అమ్మా మేనత్తా కొనేవాళ్లూ అందరూ మాట్లాడారు. ఈ ఏడు ద్రాక్ష ఎలా ఉందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆరేళ్లు సెల్లార్లలో పనిచేసిన మనిషి ఉత్తరంలో ఆ ముక్క లేదంటే, నాన్నగారు పోయిన ఈ ఏడు నెలల్లో తోటలో ఒక్కరే ఓ గంట తిరిగే తీరిక కూడా మీకు దొరకలేదన్నమాట. నేను ముప్ఫై ఏళ్లు ఈ పనిచేసి మానేసినదాన్ని. అంచేత కొంచెం చనువుగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు మేనత్తగారి మాట తేల్చేద్దాం. అన్నిటికంటే తేలికైంది అదే. పాపం, అది ఆవిడ పుట్టించిన మాట కాదు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు దగ్గరికొస్తే కొత్త వైన్ పుల్లబడిపోతుందని దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో ప్లినీ అనే పెద్దమనిషి రాసిపెట్టాడు. యూరప్‌లో కూడా ఇదే వంకతో ఆడవాళ్లని సెల్లార్ గుమ్మం బయటే ఆపేసిన చోట్లు ఉండేవి. అసలు వైన్‌ని వెనిగర్‌గా మార్చేది అసిటిక్ బ్యాక్టీరియా. దానికి గాలి కావాలి. పీపా చెక్కలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ ఎప్పటికప్పుడు నింపకపోతే గాలి చేరి వైన్ పాడవుతుంది. అత్త మాట విని మీరు నెలకి ఐదు రోజులు సెల్లార్ మొహం చూడక, ఆ ఐదు రోజుల్లో నింపాల్సిన పీపాలు నిండకపోతే అప్పుడు నిజంగానే పుల్లబడుతుంది. ఆవిడేమో “నే చెప్పలేదూ!” అంటుంది.

సెల్లార్‌లోకి ఎప్పుడు వెళ్లకూడదన్న నియమం మాత్రం ఒకటి నిజంగానే ఉంది. ఒక లీటరు తియ్యటి రసం పులిసేసరికి యాభై లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది, వాసన రాదు. ట్యాంకులు పొంగుతున్న రోజుల్లో ఫ్యాన్లు వేయకుండా, పక్కన మనిషి లేకుండా లోపలికి దిగకూడదు. ఖాళీ చేసిన ట్యాంకులోకైతే గాలి పరీక్ష చేయకుండా తల కూడా పెట్టకూడదు. అత్తగారికి ఈ సంగతి చెప్పండి. జాగ్రత్తలు చెప్పాలన్న సరదా ఉన్నవాళ్లకి అసలైన జాగ్రత్త ఒకటి చేతికిస్తే దాన్ని పట్టుకుంటారు.

ఇక అమ్మగారి మాట. “నాన్న చేసినట్టే చెయ్యి” అంటున్నారు కదా, ఏ ఏడు చేసినట్టు అని ఎప్పుడైనా అడిగారా? ఎదురు మాట్లాడటానికని కాదు, నిజంగానే అడగండి. మంచి వైన్ చేసేవాడెవడూ రెండేళ్లు ఒకేలా చేయడు, చేయలేడు. వానలు ఎక్కువైన ఏడు ముందే కోసి ఉంటారు, ఎండ దంచేసిన ఏడు తొక్కలతో నానబెట్టే రోజులు తగ్గించి ఉంటారు, ఓ ఏడు పీపాలు కొనడానికి డబ్బు సరిపోక పాతవాటితోనే సర్దుకుని ఉంటారు. ఫ్రాన్స్‌లో బోన్ అనే పట్టణం చుట్టుపక్కల 1354 నుంచి ద్రాక్ష కోత మొదలైన తేదీల లెక్కలు దొరుకుతున్నాయి. 1988 నుంచి అక్కడ కోతలు పాత సగటుకంటే దాదాపు పదమూడు రోజులు ముందుకు జరిగాయి. ఆరు వందల ఏళ్లకు పైగా రాసిపెట్టుకున్నవాళ్ల తోటలకే ఆ గతి పట్టింది. నాన్నగారు పాతికేళ్ల కిందట కోసిన తేదీకే మీరూ కోస్తే చేతికొచ్చేది వేరే ద్రాక్ష. ఆయన ఉండి ఉంటే ఆయనే తేదీ మార్చేవారు.

ఇక్కడే మీరు రాయని సంగతి ఒకటుంది. కిందటి కోత అయిన రెండు నెలలకు నాన్నగారు పోయారన్నారు. అంటే ఆయన చివరి వైన్ ఇంకా పీపాల్లోనే ఉందన్నమాట. మరి ఈ ఏడు నెలలూ ఆ పీపాలు ఎవరు నింపుతున్నారు? ఎవరు రుచి చూస్తున్నారు? వైన్ చెడిపోకుండా వేసే గంధకం ఎంత వేయాలో ఎవరు లెక్కగట్టారు? మీరే అయ్యుంటారు. అయితే ఆ వైన్ అప్పుడే సగం మీది. పిండింది ఆయన, పెంచుతున్నది మీరు. “నాన్నలా చేయాలా, నాలా చేయాలా” అని రాత్రిళ్లు దొర్లుతున్నారే, పగలు ఆ పీపాల దగ్గర మీరు రెండూ కలిపే చేస్తున్నారు.

అందుకే కొత్త కోత గురించి ఆలోచించేముందు ఆ వైన్ సంగతి చూడండి. కోత తర్వాత మూడు నాలుగు వారాలకే కొత్త వైన్‌కి పీపాలు కావాలి. ఈ లోపు పాతదాన్ని కొంత సీసాల్లో పట్టాలా, ట్యాంకులోకి మార్చాలా, ఇంకో ఏడాది ఉంచాలా అన్నది తేల్చక తప్పదు. ప్రతి పీపా నుంచి ఒక గ్లాసు తీసి, పీపా నంబరు రాసి వరసగా పెట్టి, అమ్మగారిని, మేస్త్రీని కూర్చోబెట్టుకుని రుచి చూడండి. నాన్నగారు చేసినవే అయినా పీపాకో రుచి ఉంటుంది. అది అమ్మగారు స్వయంగా నాలుక మీద చూస్తే, “ఏమీ మార్చకు” అన్న మాట దానంతటదే కొంచెం మెత్తబడుతుంది. ఏడుపొస్తే ఏడవండి. ఇంట్లో అందరూ తోట గురించే పోట్లాడుకుంటున్నారంటే, మనిషి గురించి ఏడవడానికి ఎవరికీ సందు దొరకలేదనే నాకనిపిస్తోంది.

ఇప్పుడు కోత. ఈ ఏడు మీరు పూర్తిగా మీ చేతిలో ఉంచుకోవాల్సిన నిర్ణయం ఒకటుంటే అది కోత తేదీయే. ఆ తర్వాత సెల్లార్‌లో ఏం చేసినా అది సర్దుబాటే. రసంలో చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్ (చక్కెర శాతం) 24 చూపించిందని సంబరపడిపోయి కోతకు మనుషుల్ని పిలిచేయకండి. నేనా పని చేశాను. వైన్‌లో ఆల్కహాల్ బాగానే వచ్చింది, నోట్లో పోసుకుంటే పచ్చి కాడ నమిలినట్టుంది. ఎండ ఎక్కువైన ఏడు చక్కెర పరిగెడుతుంది, గింజ వెనకబడుతుంది. అంచేత గింజ నమలాలి. వరస మొదట్లో ఉన్న గుత్తులు వదిలేసి లోపలికి వెళ్లండి, ఎండవైపు నుంచి నాలుగు కాయలు, నీడవైపు నుంచి నాలుగు తెంపండి. తొడిమ నుంచి కాయ తేలిగ్గా ఊడి వచ్చిందా, పీకాల్సి వచ్చిందా చూడండి. కాయని నోట్లో చిదిపి, రసం మింగేసి, తొక్కని బుగ్గన పెట్టుకుని బాగా నమలండి. మొదట తీపి పోతుంది, తర్వాత నోరు ఎంతగా పిడచగట్టుకుపోతుందో గమనించండి. గింజలు అరచేతిలోకి ఉమ్మి చూడండి. ఆకుపచ్చగా, చుట్టూ జిగురుతో ఉంటే ఇంకా టైముంది. గోధుమరంగుకి తిరిగి, కొరికితే పటుక్కుమని, వేయించిన పప్పులాంటి రుచి తగిలితే దగ్గరపడ్డట్టు. కోతకు రెండు మూడు వారాల ముందు నుంచి రెండు మూడు రోజులకోసారి, అదే వేళకి, అవే వరసల్లో ఇది చేయాలి. పొద్దున ఒకరోజు, మధ్యాహ్నం ఒకరోజు చూస్తే లెక్క తప్పుతుంది.

పీహెచ్ కూడా అంతే ముఖ్యం. అది పులుపు కొలత, పెరిగిందంటే పులుపు తగ్గినట్టు. 3.4 దగ్గర ఉన్న వైన్‌ని కాపాడే గంధకం, 3.8కి పెరిగిన వైన్‌కి బొత్తిగా చాలదు, రెండున్నర రెట్లు కావాలి. గింజ పండాలని ఆగుతూ ఆగుతూ పులుపంతా పోగొట్టుకుంటే ఆ తర్వాత ఏడాదంతా సెల్లార్‌లో కాపలా కాయాలి. ఈ రెండింటి మధ్య ఏ రోజు కోయాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు. నాన్నగారి నుంచి వారసత్వంగా మీకొచ్చింది ఆ రోజు చెప్పాల్సిన బాధ్యతే. మిగతావాళ్లు సలహా చెప్తారు, తేదీ చెప్పేది మీరు.

సలహాల్లో అన్నిటికంటే విలువైంది మేస్త్రీది. అతని మీద మీకు కోపంగా ఉందని తెలుసు. నేను మాత్రం అతని వైపు నుంచి కూడా కొంచెం మాట్లాడతాను. నేను కొత్తగా బాధ్యత తీసుకున్న రెండో ఏడు, ఒక ముసలి పనివాడు “ఆ కింది మూల ముందు కోసేయండమ్మా, అక్కడ పొద్దెక్కే దాకా మంచు ఆరదు” అన్నాడు. నా దగ్గర ల్యాబ్ రిపోర్టు ఉంది, అక్కడి చక్కెర ఇంకా తక్కువగా ఉంది. ఆగుదామన్నాను. అతను “సరే” అన్నాడు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఐదో రోజుకి వెళ్లి గుత్తి ఎత్తి చూస్తే పైన నిగనిగలాడుతోంది, లోపల కాయలన్నీ బూడిదరంగు బూజు పట్టి వేలు పెడితే మెత్తగా దిగిపోయాయి. ఆ మూలంతా పారబోశాం. అతను చెప్పింది నేను వినలేదు, రెండోసారి చెప్పేంత చనువు నేనతనికి ఇవ్వలేదు. మీ మేస్త్రీ “సరేనమ్మా”లో కూడా ఇలాంటి మింగేసిన మాటలు ఎన్నున్నాయో ఒకసారి కనుక్కోండి.

కనుక్కున్నాక గీత కూడా గీయండి. “ఇక మీద అంతా నన్నడిగే చేయాలి” అంటే ఇరవై ఎనిమిదేళ్ల మనిషి చేయడు, నేనైనా చేయను. మూడే పనులు చెప్పండి: కోత తేదీ, గంధకం వేయడం, వైన్‌ని ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చడం. ఈ మూడూ మీ సంతకం లేకుండా జరగకూడదు. ప్రతి ట్యాంకుకీ ఒక కాగితం తగిలించండి. తేదీ, వేడి ఎంత, ఎన్నిసార్లు తొక్కలు కిందికి తొక్కారు, ఎవరు చేశారు, అంతా దాని మీదే. నోటి మాటకి “అలా అన్లేదమ్మా” అని ఉంటుంది, కాగితానికి ఉండదు. మిగిలిందంతా, ఏ వరస ఎవరు కోయాలి, ఎవరికెంత కూలి, క్రేట్లు ఎక్కడ కడగాలి, అతనికే వదిలేయండి. ఇంత చేశాక కూడా ఆ మూడింట్లో ఏదైనా మీకు తెలియకుండా చేశాడంటే అప్పుడది అలవాటు కాదు, ధిక్కారం. దానికి తగ్గట్టు మాట్లాడాలి, పనివాళ్ల ముందు మాత్రం వద్దు.

పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవడం తక్కువతనం అని ఎక్కడైనా అనిపిస్తుంటే, ఫ్రాన్స్‌లో బార్బ్ నికోల్ క్లికో అనే ఆవిడ సంగతి గుర్తుంచుకోండి. 1805లో భర్త పోయేటప్పటికి ఆవిడకి ఇరవై ఏడేళ్లు. షాంపేన్ వ్యాపారం మూసేద్దామనుకున్న మామగారు చివరికి ఒప్పుకున్నది ఒక షరతు మీద: అనుభవం ఉన్న ఒక వ్యాపారితో కలిసి నాలుగేళ్లు నడపాలి. ఆవిడ నడిపింది. 1810లో ఆ భాగస్వామ్యం ముగిశాక తన పేరుతోనే ముందుకెళ్లింది. ‘వవ్ క్లికో’ అంటే క్లికో వితంతువు అని అర్థం. జనం జాలిపడటానికి వాడే ఆ మాటని ఆవిడ లేబుల్ మీద అచ్చేయించి రష్యా దాకా అమ్మింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇంకొకరు కూడా గుర్తొచ్చారు. ఫ్రాన్స్‌లో షాటో మార్గో అనే పేరున్న ద్రాక్షతోటని కొన్న మూడేళ్లకే, 1980లో, తండ్రి పోతే కోరిన్ మెంట్జెలోపులోస్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆవిడకీ ఇరవై ఏడేళ్లే. వైన్ చదువు లేదు. తండ్రి పెట్టుకున్న సలహాదారుణ్ని, వైన్ శాస్త్రంలో పెద్ద పేరున్న ఎమిల్ పేనోని, దగ్గరే ఉంచుకుంది. మీకు చదువూ ఉంది, ఆరేళ్ల అనుభవమూ ఉంది. అయితే ఆ ఆరేళ్లూ వేరేవాళ్ల తోటలవి. మీ తోట చదువు ఆ మేస్త్రీ దగ్గరే ఉంది.

మీకంటూ ఏదైనా చేయాలన్న కోరికని మాత్రం చంపుకోకండి. చిన్నగా చేయండి. ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఆన్-క్లోద్ లఫ్లేవ్ అనే ఆవిడ 1990లో కుటుంబం తోట బాధ్యతల్లోకి వచ్చినప్పుడు, రసాయన ఎరువులూ మందులూ లేకుండా చేసే బయోడైనమిక్ సాగుని ముందు కొద్ది భాగంలోనే చేసి చూసింది. మొత్తం తోటని ఆ పద్ధతిలోకి తెచ్చేసరికి 1997 అయింది. మీరు మీకు బాగా నమ్మకమున్న వరసల నుంచి ఒక 640 కిలోల ద్రాక్ష పక్కన పెట్టుకోండి. రెండు 225 లీటర్ల పీపాలకి సరిపోతుంది. సగం నాన్నగారి పద్ధతిలో, సగం మీ పద్ధతిలో, ఒకే సైజు తొట్లలో పులియబెట్టండి. ఒకే సైజు అని ఎందుకంటున్నానంటే, మీది చిన్న తొట్టిలో, నాన్నది పెద్ద ట్యాంకులో పెడితే చిన్నదాంట్లో వేడి నిలవదు, అది వేరేగా పులుస్తుంది, తేడా పద్ధతిదా తొట్టిదా అన్నది తేలదు. వచ్చే ఏడు ఈపాటికి రెండు గ్లాసులు, పేర్లు చెప్పకుండా, అమ్మ ముందు పెట్టండి. నష్టపోతే మూడు వందల సీసాలు పోతాయి, ఇంటి పేరు పోదు.

అన్నయ్య విషయంలో మీరు నన్ను పూర్తిగా మీ వైపు ఉండమంటే ఉండలేను. “పీకేద్దాం” అన్న మాటలో పాయింట్ లేకపోలేదు. పాత తీగలు తక్కువ కాస్తాయి. వాటికి ఆకుముడత వైరస్ లాంటిదేదైనా పట్టి ఉంటే కాయ సరిగ్గా పండదు, అప్పుడు మమకారం పనికిరాదు. అలాగని ఒకేసారి పీకేస్తే కొత్త మొక్క సరైన కాపుకి రావడానికి మూడేళ్లు, నాన్నగారి వైన్ స్థాయికి రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నాళ్లు సెల్లార్‌లో ఏం పోస్తారు? కాబట్టి ఇద్దరూ కలిసి వరసలు నడిచి, చచ్చిన తీగలెన్ని, కాస్తున్నవెన్ని అని లెక్కపెట్టండి, అనుమానం ఉన్నవాటిని ల్యాబ్‌కి పంపండి. బాగా దెబ్బతిన్న తోట ముక్క ఒకటి ఉంటే దాన్ని మాత్రం తిరిగి నాటండి. అందులో కొన్ని మొక్కలు మీ తోటలోని మంచి, రోగం లేని తీగల కొమ్మల నుంచే అంటు కట్టించుకోండి. తాతయ్య నాటింది అలా కూడా నిలుస్తుంది.

నాకు తీగలకంటే ఎక్కువ భయం కాగితాల గురించి. నేల ఎవరి పేరు మీద ఉంది, సెల్లార్ ఎవరిది, లేబుల్ మీది పేరు ఎవరిది, బ్యాంకు అప్పుకి సంతకం ఎవరిది, ఇవన్నీ వేర్వేరు సంగతులు. నాన్నగారు ఉండగా అన్నీ ఒకే మనిషిలో ఉండేవి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. మీ పనికి నెలకి ఇంత జీతం అని రాయించుకోండి. మొహమాటపడకండి. అన్నయ్యకి రావాల్సిన వాటా కూడా అదే కాగితంలో ఉండాలి. జీతం లేకుండా పదేళ్లు చేసిన ఆడపిల్లకి పదకొండో ఏట “ఇల్లు చూసుకుంది పాపం” అన్న మెప్పు మిగిలిన కుటుంబాలు నేను చూశాను. ఈ పనికి ఇద్దరూ నమ్మే ఒక లాయరు కావాలి, కోతకి ముందే కావాలి. కోత మొదలయ్యాక ఎవరికీ కూర్చునే టైముండదు.

కొనేవాళ్ల సంగతికి ఎక్కువ రాయను. “మగవాళ్లు లేరా?” అంటే “వైన్ చేసేది నేనే, రుచి చూడండి” అని గ్లాసు చేతికివ్వండి. ఎంత కోపం వచ్చినా, పని తొందరగా అవుతుంది కదా అని అన్నయ్యకి ఫోన్ కలపకండి. ఒక్కసారి కలిపితే వాళ్లు ప్రతిసారీ అతన్నే అడుగుతారు. నాన్నగారు నోటిమాట మీద ఎవరికి ఎంత అరువిచ్చారో మాత్రం వెంటనే రాసిపెట్టండి. ఆయన పోయాక ఆ లెక్కలు మర్చిపోయేవాళ్లు కొందరుంటారు.

కోతకు పది వారాలంటే కాయ ఇంకా పచ్చగా, గట్టిగా ఉండి ఉంటుంది. రెండు మూడు వారాల్లో రంగు తిరగడం మొదలవుతుంది. ఏ వరసలో, గుత్తిలో ఎటువైపు ముందు తిరుగుతుందో అది చూస్తే కోత ఎక్కడ మొదలుపెట్టాలో చాలావరకు తెలిసిపోతుంది. ఆ వారం పొద్దున్నే మేస్త్రీని వెంటబెట్టుకుని తోటంతా నడవండి, ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. నాన్నగారి పాత పుస్తకం ఉంటే అందులో రాయకండి, కొత్తది కొనండి. పైన తేదీ వేయండి. ఎడమ పేజీలో మేస్త్రీ ఏమన్నాడో రాయండి. కుడి పేజీలో మీకేమనిపించిందో రాయండి, మొదటి రోజు ఒక్క లైనే అయినా సరే.